బైలడిల్లా ఎండ – మన చర్మం

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దల మాట. రోళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆ ఎండలో నిలిచి పనిచేసే మనిషి చర్మానికి ఏమవుతున్నదో మనలో చాలామందిమి ఎన్నడూ ఆలోచించి ఉండము. కన్వేయర్ బేరింగు కాస్త వేడెక్కితే వెంటనే చేయి పెట్టి చూస్తాము. డంపరు టైరుపై చిన్న గాటు కనిపిస్తే రిజిస్టరులో వ్రాస్తాము. ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్ల వైశాల్యంతో మన దేహాన్ని కప్పి ఉంచే చర్మానికి మాత్రం అటువంటి తనిఖీ ఏదీ లేదు. ఈ లోపాన్ని ఇతరులకు అంటగట్టటం మా ఉద్దేశం కాదు. ముప్పై ఏళ్లపాటు ఆ నిర్లక్ష్యం చేసినవారిలో మేమే ముందున్నాము.

మేము 1993లో విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరు ఎక్కి, అనంతగిరి సొరంగాలు, అరకు లోయ దాటి ఈ కొండలకు చేరుకున్నాము. అప్పటికి బస్తర్ మధ్యప్రదేశ్‌లో ఒకే పెద్ద జిల్లా. 1998లో దంతెవాడ వేరు జిల్లా అయింది, 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లా పల్లెలో, పొలం గట్ల మీద పెరిగిన శరీరం మాది. ఛాయ నలుపు. ఉత్తరాది నుండి వచ్చిన సహోద్యోగులు బెంచి మీద గంటసేపు నిలిస్తే ముఖం కందిపోయేది. మేము మాత్రం "ఈ నలుపు ఎండకు లొంగేది కాదు" అని నవ్వేవారము. భద్రతా విభాగం వారు ఇచ్చిన కళ్లద్దాలు జేబులోనే ఉండేవి.

రెండేళ్ల క్రితం కుడి కంటిలో ముక్కువైపు నుండి నల్లగుడ్డు మీదికి సన్నని కండ ఒకటి ప్రాకటం మొదలయింది. పరీక్షించిన వైద్యులు, "ఎన్నేళ్లు ఎండలో పనిచేశారు? కళ్లద్దాలు పెట్టుకునేవారా?" అని అడిగారు. మేము మా పాత ధీమాతోనే, "మాది నల్లని ఒళ్లు కదండీ, ఎండ మమ్మల్ని ఏమీ చేయదు" అన్నాము. ఆయన చిరునవ్వుతో, "చర్మం నలుపైతే కంటికి రక్షణ ఎక్కడిదండీ?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో ఈ విషయం గురించి చదవటం ఆరంభించాము. తెలుసుకున్నది తోటి ఉద్యోగులతో, వారి కుటుంబాలతో పంచుకోవాలన్న తలంపుతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఎండలో కంటికి కనిపించని భాగం

వర్క్‌షాపులో పనిచేసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. వెల్డింగు ఆర్కును అద్దం లేకుండా చూసినవాడికి ఆ క్షణంలో ఏమీ అనిపించదు. రాత్రి ఇంటికి వెళ్లి పడుకున్న తరువాత కళ్లలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది. దానికి కారణం అతినీలలోహిత కిరణాలు. సూర్యకాంతిలోనూ ఉన్నవి ఆ జాతి కిరణాలే.

వీటిని తరంగదైర్ఘ్యాన్ని బట్టి మూడు తరగతులుగా విభజించారు. 100 నుండి 280 నానోమీటర్ల వరకు ఉన్న 'సి' కిరణాలను వాతావరణమే పూర్తిగా అడ్డుకుంటుంది. 280 నుండి 315 వరకు ఉన్నవి 'బి' కిరణాలు. వీటిలో అధిక భాగం ఓజోను పొరలోనే ఆగిపోయినా, క్రిందికి వచ్చిన కొద్దిపాటివే చర్మాన్ని కమిలిస్తాయి. 315 నుండి 400 వరకు ఉన్నవి 'ఎ' కిరణాలు. నేలను చేరే అతినీలలోహిత కిరణాలలో నూటికి 95 పాళ్లు ఇవే. ఇవి చర్మంలో మరింత లోతుకు దిగి, దాని బిగువును సడలించి, ముడతలకు, మచ్చలకు కారణమవుతాయి. మామూలు కిటికీ అద్దం 'బి' కిరణాలను చాలావరకు ఆపుతుంది. 'ఎ' కిరణాలను అంతగా ఆపదు. ఇరవై ఎనిమిదేళ్లు లారీ నడిపిన ఒక అమెరికన్ డ్రైవరు ముఖచిత్రాన్ని 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. కిటికీ వైపున్న చెంప దళసరెక్కి ముడతలు పడగా, రెండవ చెంప దానికన్నా ఎంతో చిన్న వయసు వానిదిగా కనిపిస్తుంది. డంపరు, షావెల్ క్యాబిన్లలో కూర్చునే మన సోదరులు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఎండ వేడి వేరు, ఈ కిరణాలు వేరు. వేడిని చర్మం వెంటనే గుర్తిస్తుంది, ఈ కిరణాలను గుర్తించలేదు. నేల వేడెక్కటానికి సమయం పడుతుంది గనుక ఉష్ణోగ్రత మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళ గరిష్ఠానికి చేరుతుంది. అతినీలలోహిత తీవ్రత మాత్రం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే అత్యధికం. చల్లగాలి వీచే రోజున, పలుచని మబ్బు పట్టిన రోజున ఎండ లేదనుకుంటాము. పలుచని మబ్బు ఈ కిరణాలను ఆపేది స్వల్పమే.

మన కొండ మీది లెక్క

ఎద్దు మూపురం వలె ఉన్నందున బైలడిల్లా అన్న పేరు వచ్చిన ఈ పర్వతశ్రేణి శిఖరం నందిరాజ్ 1,276 మీటర్ల ఎత్తున ఉన్నది. సముద్రమట్టం నుండి ప్రతి వేయి మీటర్లకు అతినీలలోహిత తీవ్రత నూటికి 10 నుండి 12 పాళ్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అనగా విశాఖ తీరంలో కన్నా మన గని బెంచి మీద చల్లగా ఉన్నప్పటికీ, ఆకాశం ఒకే తీరున ఉంటే ఈ కిరణాలు మాత్రం ఇక్కడే ఎక్కువ.

మనం ఉన్నది ఉత్తర అక్షాంశం 18½ – 19 డిగ్రీల నడుమ. అందువల్ల సూర్యుడు సంవత్సరానికి రెండు మార్లు సరిగ్గా మన తల మీదికి వస్తాడు. మొదటిది మే నెల నడుమ, రెండవది జులై చివర. ఆ రోజులలో నిట్టనిలువు స్తంభానికి మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మనకు దాపునే ఉన్నందున, ఇక్కడ గడియారంలో పన్నెండు గంటలకు కాస్త అటూ ఇటూగా సూర్యుడు శిఖర స్థానానికి చేరుతాడు. ఒక రోజులో భూమికి చేరే అతినీలలోహిత కిరణాలలో సుమారు 60 పాళ్లు ఉదయం పది నుండి మధ్యాహ్నం రెండు గంటల నడుమనే పడతాయి.

దీనిని కొలవటానికి ఏ పరికరమూ అక్కరలేదు. మన నీడే పరికరం. నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే కిరణాలు తీవ్రంగా ఉన్నట్లు లెక్క. పొడవుగా ఉంటే తీవ్రత తగ్గినట్లు. పిల్లలకు సైతం ఒక్క నిమిషంలో నేర్పవచ్చు. వాతావరణ సమాచారంలో కనిపించే అతినీలలోహిత సూచిక 3కు చేరితే జాగ్రత్త మొదలుకావాలి. 8 నుండి 10 అత్యధికం, 11 ఆపైన తీవ్రాతితీవ్రం.

చర్మ తత్త్వాలు ఆరు

చర్మాన్ని ఎండకు అది స్పందించే తీరును బట్టి వర్గీకరించే పద్ధతిని 1975లో హార్వర్డ్ వైద్యాచార్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ రూపొందించారు. సోరియాసిస్ రోగులకు సోరలెన్ మందు ఇచ్చి 'ఎ' కిరణాలతో చికిత్స చేసేటప్పుడు ఎవరికి ఎంత మోతాదు ఇవ్వాలన్న ప్రశ్నకు సమాధానంగా ఇది పుట్టింది. ఆ సోరలెన్‌కు పేరు వచ్చింది సోరాలియా మొక్కల జాతి నుండి. మన ఆయుర్వేదంలో బొల్లికి వాడుతూ వచ్చిన బావంచాలు ఆ జాతివే.

మొదటి తరగతి చర్మం ఎప్పుడూ కములుతుంది, ఎన్నటికీ నల్లబడదు. రెండవది సులభంగా కములుతుంది, కొద్దిగా మాత్రమే నల్లబడుతుంది. మూడవది అప్పుడప్పుడు కమిలి, క్రమంగా నల్లబడుతుంది. నాలుగవది అరుదుగా కములుతుంది, తేలికగా నల్లబడుతుంది. ఐదవది మిక్కిలి అరుదుగా కములుతుంది, బాగా నల్లబడుతుంది. ఆరవది ఇంచుమించు ఎన్నడూ కమలదు. పసిమి ఛాయ, చామనఛాయ, నలుపు అని మనం చెప్పుకొనే భారతీయులలో అధికులు నాలుగు నుండి ఆరు వరకు గల తరగతులలోనివారే. మూడవ తరగతివారూ మనలో ఉన్నారు.

మన తరగతి తెలుసుకోవాలంటే ఎండ తగలని భాగాన్ని, ఉదాహరణకు జబ్బ లోపలి వైపును చూసుకోవాలి. తరువాత రెండు ప్రశ్నలు వేసుకోవాలి. చాలాకాలం నీడ పట్టున ఉండి ఒక్కసారి గంటసేపు నడి ఎండలో నిలిస్తే మరునాటికి చర్మం మండి, పొర ఊడినదా? లేక ఏ మంటా లేకుండా నల్లబడినదా? వీటి సమాధానాలే మన తత్త్వం. ఒకే ఇంట్లో అన్నకు ఐదు, చెల్లెలికి నాలుగు కావచ్చు.

నలుపు గొడుగు వంటిదే, కాని...

ఈ భేదానికి మూలం మెలనిన్ అనే రంగు పదార్థం. దానిని తయారుచేసే కణాల సంఖ్య తెల్లవారిలోనూ నల్లవారిలోనూ ఇంచుమించు సమానమే. తయారయ్యే మెలనిన్ పరిమాణంలోనూ, అది చర్మకణాలలో పరచుకొనే తీరులోనూ ఉన్నది తేడా. చాలా నల్లని చర్మపు పైపొర 'బి' కిరణాల నుండి ఇచ్చే రక్షణ సుమారు 13 రెట్లనీ, తెల్లని చర్మం ఇచ్చేది 3 రెట్లకు కొంచెం పైననీ కొలతలు చెబుతున్నాయి. ఇది ప్రకృతి ఇచ్చిన గొప్ప కానుక. మన దేశంలో చర్మ క్యాన్సరు పాశ్చాత్య దేశాలలో కన్నా చాలా తక్కువగా ఉండటానికి ప్రధాన కారణం ఇదే.

కాని ఈ గొడుగు క్రిందికి రాని విషయాలు నాలుగు ఉన్నాయి. మొదటిది కన్ను. కండ పెరగటానికి, కొంతవరకు శుక్లాలకు ఈ కిరణాలు కారణం. రెండవది మచ్చలు. ఎండకు త్వరగా రంగు తిరిగే నాలుగు, ఐదు తరగతుల చర్మానికే మంగు ఎక్కువగా వస్తుంది. మూడవది వడదెబ్బ. అది శరీరంలోని వేడికి, నీటికి సంబంధించినది గనుక చర్మపు రంగు దాని నుండి కాపాడలేదు. నాలుగవది ఆలస్యం. మనవంటివారికి చర్మ క్యాన్సరు రాదన్న నమ్మకం వల్ల, వచ్చిన కొద్దిమందిలోనూ అది ముదిరిన తరువాతనే బయటపడుతుంది. పైగా నల్లనివారిలో మెలనోమా అనే రకం అరికాలిలోనూ, అరచేతిలోనూ, గోటి క్రిందా పుడుతుంది. దీనికి ఎండతో సంబంధం లేదు. ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటి క్రింద మొదలైన అటువంటి వ్యాధితోనే 1981లో 36వ ఏట మరణించారు. రోజంతా సేఫ్టీ బూట్లలో ఉండే మన పాదాలను నెలకు ఒకసారైనా వెలుతురులో చూసుకోవటం మంచిది.

తెల్లబడాలన్న మోజు

చర్మ తత్త్వాల వర్గీకరణ వెలువడిన 1975లోనే మన దేశంలో 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము విపణిలోకి వచ్చింది. ఒకటి చర్మాన్ని ఉన్నది ఉన్నట్లు అర్థం చేసుకోమన్నది. మరొకటి దానిని మార్చుకోమన్నది. ఏది ఎక్కువ ప్రచారం పొందినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ క్రీము పేరులోని 'ఫెయిర్' అన్న మాట 2020లో గాని తొలగలేదు.

మా ఇంటి అనుభవం ఒకటి చెబుతాము. మా శ్రీమతికి నలభై ఏళ్ల ప్రాంతంలో చెంపల మీద మంగు వచ్చింది. ఎవరో చెప్పగా ఒక దుకాణంలో చిన్న ట్యూబు కొన్నది. రెండు వారాలలో ముఖం తేటపడింది. ఇల్లంతా సంతోషించాము. నాలుగు నెలలకు చర్మం పలుచబడి, ఎర్రని నరాలు తేలి, వంటింటి సెగ తగిలినా మంట పుట్టసాగింది. మానివేస్తే మచ్చలు మునుపటి కన్నా ముదిరాయి. ఆ ట్యూబులో ఉన్నది స్టీరాయిడ్ అని చర్మవైద్యులు చెప్పేవరకు మాకు తెలియలేదు. తయారీ వివరాలు అక్షరాలా చదివిన తరువాతనే స్పేరు పార్టు కొనే ఇంజనీరు, ఇంటికి వచ్చిన మందు పెట్టెను ఒక్కసారి త్రిప్పి చూడలేదు. అటువంటి పూతమందులు పలింటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. అయినా కొనే చేయి జాగ్రత్తపడనిదే ఏ ఉత్తర్వూ పూర్తిగా ఫలించదు.

ఆ రోజులలోనే మా అమ్మాయిని "ఎండలో ఆడకు, నల్లబడతావు" అని మందలించేవారము. ఇప్పుడు ఆ మాటకు సిగ్గుపడుతున్నాము. "ఎండలో ఆడితే కళ్లకు, చర్మానికి మంచిది కాదు, సాయంత్రం ఆడుకో" అని ఉండవలసినది. రెండు మాటలలోనూ పిల్ల నీడకే వస్తుంది. మొదటి మాటతో పాటు తన రంగు మీద తనకే చిన్నచూపు కూడా వస్తుంది.

పక్క క్వార్టరు బాబు

కొన్నేళ్ల క్రితం మా పక్క క్వార్టరులోకి వచ్చిన కుటుంబంలో ఒక బాబు ఉండేవాడు. తల్లిదండ్రులిద్దరూ చామనఛాయ. బాబుకు మాత్రం జుట్టు, కనుబొమలు, చర్మం అన్నీ తెలుపే. పుట్టుకతోనే మెలనిన్ తయారుకాని ఈ స్థితిని అల్బినిజం అంటారు. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి లోపమున్న జన్యువులు కలిసినప్పుడు వస్తుంది. ఇటువంటివారికి చూపు మందగించి ఉంటుంది, వెలుతురు భరించలేరు. పసితనం నుండి చర్మాన్ని కాపాడకపోతే యౌవనంలోనే చర్మ క్యాన్సరు రావచ్చు. ఆరు తరగతుల పట్టిక మొదటి వరుసలోని మనిషి బస్తర్ ఎండలో మన ఇంటి పక్కనే ఉన్నాడన్నమాట.

ఆ బాబుకు క్రికెట్ అంటే ప్రాణం. సెలవు రోజులలో పిల్లలంతా పదకొండు గంటలకు ఆడుతూ ఉంటే కిటికీ వద్ద నిలిచి స్కోరు లెక్క పెట్టేవాడు. ఒక ఆదివారం వాడి తల్లి మా ఇంటికి వచ్చి, "అన్నయ్యగారూ, ఆట సాయంత్రానికి మార్చుకోమని పిల్లలకు మీరు ఒక మాట చెబుతారా?" అని అడిగింది. చెప్పాము. నాలుగున్నర తరువాత, నీడలు పొడవైనాక ఆట మొదలయ్యేది. బాబు పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, నల్ల కళ్లద్దాలతో వచ్చేవాడు. మొదటి వారం నవ్విన పిల్లలు రెండవ వారానికి తామూ టోపీలు తెచ్చుకున్నారు. మొత్తం కాలనీ పిల్లలకు ఒక్క బాబు వల్ల మేలు జరిగింది.

చేయవలసినవి

ఈ నేల మనుష్యులు పాటించే క్రమాన్ని మొదట చూద్దాము. వేసవిలో ఇక్కడి గోండు, మాడియా కుటుంబాలు ఇప్పపూలు ఏరటానికి తెల్లవారకముందే బయలుదేరుతారు. తునికాకు కోత కూడా ఉదయం చల్లని వేళనే. ఎండ ముదిరేసరికి చెట్టు నీడకు చేరి, ఎండిన సొరకాయ బుర్రలోని రాగి 'పేజ్' త్రాగుతారు. మన రాగి అంబలికి అది తోబుట్టువు. ఏ సూచికా చూడకుండానే వారు పది నుండి రెండు వరకు గల వేళను గుర్తించారు.

గని పనిని అలా వాయిదా వేయలేము గనుక మన రక్షణ మొదట దుస్తులతో మొదలుకావాలి. దట్టమైన నేత గల, వదులైన, పూర్తి చేతుల చొక్కా ఏ పూతమందు కన్నా నమ్మదగినది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆవలి వైపు కనిపించే గుడ్డ చాలదు. హెల్మెట్ నెత్తిని కాపాడుతుంది గాని మెడను, చెవులను కాపాడదు. వెనుక భాగాన తువ్వాలు లేదా మెడ కప్పు వ్రేలాడదీసుకోవాలి, అది తిరిగే యంత్రాలకు తగలకుండా చూసుకోవాలి. పాలికార్బనేట్ భద్రతా కళ్లద్దాలు రంగు లేనివైనా అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతాయి. అవి జేబులో ఉంటే ప్రయోజనం లేదన్నది మా కన్ను చెప్పిన పాఠం.

కప్పుకోలేని ముఖానికి, చేతులకు సన్‌స్క్రీన్ వాడవచ్చు. దాని మీది ఎస్.పి.ఎఫ్. సంఖ్య 'బి' కిరణాల లెక్క. 15 గలది నూటికి 93 పాళ్లు, 30 గలది 97, 50 గలది 98 పాళ్లు ఆపుతుంది. కనుక 30 గలది చాలామందికి చాలు. 'పి.ఎ.' ప్రక్కన ఉండే కూడిక గుర్తులు 'ఎ' కిరణాల లెక్క. ముఖానికి, మెడకు కలిపి ఒక చెంచాడు రాయాలి. చెమట పట్టే పనిలో రెండు గంటలకొకసారి తిరిగి రాయాలి. బొట్టంత రాసుకుంటే పెట్టె మీది సంఖ్య మన చర్మం మీద ఉండదు.

ఇక్కడ మనకు సంతోషం కలిగించే విషయం ఒకటి. మంగును పెంచటంలో కంటికి కనిపించే కాంతికి కూడా పాత్ర ఉన్నదని, అది నల్లని చర్మంపైనే ఎక్కువగా పనిచేస్తుందని ఇటీవలి పరిశోధనలు తెలిపాయి. సాధారణ సన్‌స్క్రీన్ ఆ కాంతిని ఆపలేదు. దానిని ఆపటానికి రంగు కలిపిన సన్‌స్క్రీన్లలో చేర్చేది ఐరన్ ఆక్సైడ్. 1968 నుండి కిరండూల్‌లోనూ, 1977 నుండి బచేలీలోనూ మనం త్రవ్వి విశాఖకు పంపుతున్న హెమటైట్ కూడా రసాయనికంగా ఐరన్ ఆక్సైడే. అయితే గని ధూళి ముఖానికి మందు అనుకోరాదు. క్రీములో వాడేది వేరుగా శుద్ధిగా తయారుచేసినది. ధూళిని మాత్రం షిఫ్టు కాగానే కడుక్కోవాలి.

కొన్ని మందులు చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తాయి. ఇన్ఫెక్షన్లకు, మలేరియా నివారణకు వాడే డాక్సీసైక్లిన్, రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయజైడ్ అటువంటివి. మందు మానకుండా, తమ పని ఎండలో అని వైద్యునికి చెప్పాలి. అలాగని ఎండను పూర్తిగా విడిచిపెట్టరాదు. విటమిన్ డి తయారుకావటానికి 'బి' కిరణాలే ఆధారం. నల్లని చర్మానికి అందుకు ఎక్కువ సమయం పడుతుంది. ఇంటిపట్టునే ఉండే స్త్రీలు, వృద్ధులు వారంలో కొన్ని రోజులైనా ముఖానికి, చేతులకు కొద్దిసేపు ఎండ తగలనివ్వాలి.

వైద్యుని ఎప్పుడు చూడాలి

వారాల తరబడి మానని పుండు, క్రింది పెదవి మీద గరుకుగా నిలిచిపోయిన పొర, పాత కాలిన మచ్చలో క్రొత్తగా పుట్టిన గడ్డ, రంగు గాని ఆకారం గాని మారుతున్న పుట్టుమచ్చ, గోటి క్రింద వెడల్పవుతున్న నల్లని చార, అరికాలిలో క్రొత్త మచ్చ. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు. నిర్ణీత కాలంలో జరిగే వైద్య పరీక్షలో ఊపిరితిత్తులు, చెవులతో పాటు చర్మాన్ని, కళ్లను కూడా చూడమని మనమే అడగాలి.

మా కంటిలోని కండ ప్రస్తుతానికి ఆగి ఉన్నది. ఇంకా ప్రాకితే శస్త్రచికిత్స తప్పదన్నారు. కళ్లద్దాలు ఇప్పుడు జేబులో ఉండటం లేదు. క్రొత్తగా చేరిన యువ ఇంజనీర్లు వాటిని జేబులో పెట్టుకొని బెంచి మీదికి రావటం చూసినప్పుడు మేము మా కుడి కన్ను చూపిస్తాము. ఉపన్యాసం కన్నా అది త్వరగా పనిచేస్తున్నది. మన సోదరులు, సోదరీమణులు రేపు ఉదయం బయలుదేరే ముందు తమ చర్మం ఏ తరగతిదో ఒక్క నిమిషం చూసుకొని, ఇంటిల్లిపాదికీ ఆ మాట చెబితే ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.